అద్దంలో పెద్దోడు

పని మానేశాక నన్ను చూడ్డానికి వచ్చే అమ్మాయిలు, అంటే ఇప్పుడు అమలాపురంలో బ్యూటీపార్లర్లు నడుపుతున్న అమ్మాయిలు, తరచూ ఒక మాట అడుగుతుంటారు. మీ సర్వీసులో అన్నిటికంటే కష్టమైన ముఖం ఎవరిదండీ అని. ఎవరో పెద్దింటి పెళ్ళికూతురి సంగతి చెబుతాననీ, ఆవిడ మొటిమలు ఎలా దాచానో గుట్టు విప్పుతాననీ వాళ్ళ ఆశ. మొటిమలు దాచడం ఒక విద్యేనా తల్లీ? గోడకి సున్నం కొట్టడం వచ్చినవాళ్ళకి అదీ వస్తుంది. నన్ను కష్టపెట్టిన ముఖం ఒక చిన్న పిల్లవాడిది. మచ్చ లేని లేత ముఖం, పౌడరు కూడా అక్కర్లేని ముఖం. బట్టల కొట్టు ఫ్లెక్సీ కోసం వాణ్ణి తయారు చేయమన్నారు. ఆ పూట వాడు ఎవరిగా ఇంటికి తిరిగి వెళతాడన్నది నా చేతిలో బ్రష్షు మీద ఆధారపడుతుందని నాకు ముందు తెలియదు. తెలిస్తే మోకాళ్ళ నొప్పులని చెప్పి ఇంట్లో కూర్చునేదాన్ని.

నాది పెన్షన్ వచ్చే ఉద్యోగం కాదు. మార్కెట్ దగ్గర మేడమీద ఒక గది, గోడకి నిలువెత్తు అద్దం, దాని ముందు తిరిగే కుర్చీ. నా యావదాస్తీ అదే. పక్క గదిలో ఫోటో స్టూడియో. మా ఫోటోగ్రాఫర్ నాకంటే చాలా చిన్నవాడు. నన్ను అక్కగారూ అంటాడు. తీసిన ఫోటో ఒక్కటి కూడా చెరిపే రకం కాదు, కళ్ళు మూసుకున్నవి, తల తెగినవి కూడా దాచుకుంటాడు. పెళ్ళిళ్ళకీ ఓణీల ఫంక్షన్లకీ ఇద్దరం కలిసే వెళ్ళేవాళ్ళం. నేను కసిరేదాన్ని, అతను నవ్వేవాడు. నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని మా వీధిలో కుక్కలకి కూడా తెలుసు.

అప్పటికి నేను పార్లరు మూసేయబోతున్నాను. చెయ్యి కొంచెం వణకడం మొదలైంది. కనురెప్ప మీద గీత గీసే చెయ్యి వణికితే ఇక మర్యాదగా తప్పుకోవాలి. అలాంటి రోజుల్లో ఫోటోగ్రాఫర్ వచ్చి, "అక్కగారూ, ఈ ఒక్కటీ చేసి పెట్టండి. చిన్న పిల్లోడేనండి, మీకు చిటికెలో పని," అన్నాడు.

ఊళ్ళో కొత్తగా పిల్లల బట్టల షాపు పెడుతున్నారట. ఓనరుగారికి నెట్‌లో దొరికే తెల్లతోలు పిల్లలు వద్దట, మన కోనసీమ పిల్లాడే కావాలట. తల్లుల్ని వాట్సాప్‌లో ఫోటోలు పంపమన్నారు. వచ్చిన వాటిలో ఓనరుగారు ఏరి కోరి ఒకటి తీశారు.

"ఆ నవ్వు చూడండక్కగారూ," అంటూ ఫోను నా ముందు పెట్టాడు.

చూశాను. వెనక కొబ్బరి చెట్లు, రొయ్యల చెరువు. ముందు ఒక పిల్లవాడు చెయ్యి చాపి తన ఫోటో తనే తీసుకున్నాడు. వేసుకున్న టీషర్టు మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు. బుగ్గ మీద మినప గింజంత పుట్టుమచ్చ. నవ్వు ఒక పక్కకే ఉంది, పెదవి చివర మాత్రమే పైకి లేచి, మనకి తెలియనిదేదో వాడికి తెలిసినట్టుంది. బాగున్నాడనిపించింది.

అనుకున్న రోజు పొద్దున్నుంచీ ముసురు. ఓడలరేవు వైపు నుంచి ఆటో కట్టించుకుని తల్లీ కొడుకూ వచ్చారు. ఆవిడ సన్నగా, శుభ్రంగా ఉంది. తల మీద కొంగు తడిసిపోయినా పిల్లవాడి మీద చినుకు పడనివ్వలేదు. పిల్లవాడు వచ్చి నేను చెప్పకుండానే కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన పిల్లలు అలా కూర్చుంటారు. వాడి బుగ్గ మీద మచ్చ లేదు. ఫోటోలోది ఏ ఈగో, మురికో అనుకున్నాను.

"ఏ తరగతి నాన్నా?" అని అడిగాను, మెడ చుట్టూ గుడ్డ కడుతూ.

"నాలుగండి," అన్నాడు పిల్లవాడు.

"ఆరండి," అంది తల్లి, అదే క్షణంలో.

పిల్లవాడు అద్దంలో తల్లి వైపు చూశాడు. "ఆరండి," అన్నాడు వాడూ.

ఫెయిలైన పిల్లాడేమో, సిగ్గుపడి దాచుకుంటున్నారని సరిపెట్టుకున్నాను. ఊళ్ళో లేనిపోని సంగతులు ఆరా తీస్తే మన పని జరగదు.

"మేడమ్‌గారండి, బుగ్గ మీద పుట్టుమచ్చ పెట్టాలండి. ఫోటోలో ఉంది కదండి, అలాగేనండి," అంది ఆవిడ. "పాపిడి కూడా ఫోటోలో ఉన్నట్టే తియ్యండి. గెడ్డం కింద గాటుందండి, అది కనపడకూడదండి."

గెడ్డం ఎత్తి చూశాను. పాత గాయం, తెల్లగా వేలి గోరంత ఉంది. దాన్ని రంగుతో మూసేశాను. జుట్టు తడిపి, ఫోటో చూసుకుంటూ పాపిడి తీశాను. వాడి సుడి ఎదురు తిరిగింది. సుడిని కాదని పాపిడి తీస్తే దువ్వెనకీ తలకీ యుద్ధమే. జెల్ పూసి, అదిమి పట్టి, చివరికి నెగ్గాను. తర్వాత పెన్సిలు చెక్కి మచ్చ పెట్టాను. ఫోటోలో ఏ వైపు కనిపించిందో, వాడి ముఖం నా వైపు తిప్పుకుని సరిగ్గా ఆ వైపే పెట్టాను. చెయ్యి వణకనందుకు లోపల గర్వపడ్డాను కూడా.

మాటల్లో పెట్టాలని తల్లిని అడిగాను. "మీకు ఈ ఒక్కడేనా అమ్మా?"

"ఒక చిన్నోడున్నాడండి."

"వాణ్ణి కూడా తీసుకురావల్సింది. ఊరు చూసేవాడు."

"ఇంటి దగ్గరున్నాడండి," అంది ఆవిడ.

ఆ మాటకి కుర్చీలో పిల్లవాడు కొంచెం కదిలాడు. అంతే.

ఆవిడ తెచ్చిన చొక్కా కవరు ఆటోలో మరిచిపోయినట్టు గుర్తొచ్చి కిందికి దిగింది. గదిలో నేనూ వాడూ మిగిలాం. వాన రేకుల మీద పడుతోంది. నేను వాడి చెవుల వెనక పౌడరు అద్దుతూ, "మీ తమ్ముడు నీకంటే ఎంత చిన్న?" అన్నాను.

వాడు తలుపు వైపు చూశాడు. తర్వాత అద్దంలో నా వైపు చూశాడు. "తమ్ముడు లేడండి," అన్నాడు.

"మరి చిన్నోడు ఇంటి దగ్గరున్నాడంది కదా మీ అమ్మ?"

"నేనేనండి చిన్నోణ్ణి."

పౌడరు డబ్బా బల్ల మీద పెట్టేశాను.

"మరి పెద్దోడు?"

"చెరువు గట్టు మీద కరెంటు కొట్టిందండి. నీళ్ళలో గాలి కలిపే మిషను ఉంటాది కదండి, దాని తీగ. అప్పుడు నేను రెండో తరగతండి. అన్నయ్య నాలుగండి."

అప్పుడు అర్థమైంది. చనిపోయిన పిల్లవాడు ఏటికేడూ పరీక్షలు రాసుకుంటూ ఆరో తరగతికి వచ్చేశాడు. బతికి ఉన్నవాడు నాలుగులో ఉన్నాడు, అన్న పోయినప్పుడు ఉన్న తరగతిలోనే. ఓనరుగారు ఏరి కోరి తీసిన ఫోటో ఆ పోయినవాడిది. భయపడ్డానని చెప్పడానికి నాకేం నామోషీ లేదు, భయమే వేసింది.

"ఇంటి దగ్గర కూడా ఇలాగేనా?" అన్నాను, గొంతు తగ్గించి.

"ఆయ్. బడి నుంచి వచ్చేక అన్నయ్యనండి. అన్నయ్య కంచంలో తింటానండి. నాన్న చెరువు కాడి నుంచి వచ్చేతలికి మళ్ళీ నేనొచ్చేత్తానండి."

"మీ నాన్నకి తెలీదా?"

తల అడ్డంగా ఊపాడు. "అన్నయ్య ఉంటే అమ్మ ఏడవదండి," అన్నాడు. చాలా మామూలుగా, అమ్మకి నీళ్ళు తెచ్చిపెడతానన్నంత మామూలుగా అన్నాడు. తర్వాత నన్నే అడిగాడు. "ఫ్లెక్సీ కట్టేత్తే రాత్రీ పగలూ ఉంటాది కదండి. నాన్న కూడా చూత్తాడు. మరి నేనెప్పుడు రావాలండి?"

ఇన్నేళ్ళ పనిలో ఎన్ని ప్రశ్నలు విన్నానో. తెల్లగా అవుతామా అంటే కామని చెప్పాను, అల్లుడికి నచ్చుతుందా అంటే వాడి ముఖం ముందు చూడమన్నాను. ఈ పిల్లవాడి తల నిమరబోయి, జెల్ చెదిరిపోతుందని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఎంత పాడు అలవాటో చూడండి.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. వాడు మళ్ళీ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

తల్లి చొక్కా తెచ్చింది. కొత్తదే, కానీ మడతల్లో కలరా ఉండల వాసన. వాడికి భుజాల దగ్గర కొంచెం వదులు. చొక్కా తొడిగి, బొత్తాలు పెట్టి, ఆవిడ కుర్చీ వెనక్కి వచ్చి నిలబడి అద్దంలోకి చూసింది.

చూసి, చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"వచ్చేవా నాన్నా?" అంది.

"వచ్చేనమ్మా," అన్నాడు అద్దంలో పిల్లవాడు.

నేను పక్కనే ఉన్నాను. పెదవులు కదిలింది కుర్చీలో ఉన్నవాడివే, నేను కాదనను. కానీ పొద్దున్నుంచీ విన్న గొంతు కాదది. కొంచెం పెద్దవాడి గొంతు, తల్లిని ఆట పట్టించే గొంతు. వాడి పెదవి ఒక పక్కకి లేచింది. పొద్దున్నుంచీ ఆ ముఖంలో నవ్వు లేదు.

"చెయ్యి మంట తగ్గిందా పెద్దోడా?"

"తగ్గిందమ్మా. ఇప్పుడేం లేదు."

అప్పుడు చూశాను, చొక్కాలోంచి బయటికి వచ్చిన వాడి చెయ్యి. వేళ్ళు లోపలికి ముడుచుకుని, బిగుసుకుపోయి ఉన్నాయి. "చిన్నోడా," అని పిలిచాను నేను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. వాడి కళ్ళు అద్దంలో తల్లి మీదే ఉన్నాయి. నేను ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషిని, దయ్యాలంటే ఒప్పుకోను. అయినా ఆ క్షణంలో నోట్లో ప్రార్థన దానంతటదే వచ్చేసింది.

"అక్కగారూ, ఒకసారి పిల్లోణ్ణి పంపండి, లైటు చూసుకుంటాను," అని పక్క గదిలోంచి ఫోటోగ్రాఫర్ కేక వేశాడు. బతికించావురా నాయనా అనుకుని వాణ్ణి కుర్చీలోంచి దింపి పంపించాను. తల్లి కదల్లేదు. కుర్చీ ఖాళీ అయినా ఆవిడ అద్దంలోకే చూస్తోంది, తల కొంచెం కిందికి వంచి, కూర్చున్న పిల్లవాడితో మాట్లాడుతున్నట్టు. నేను ఆవిడ రెక్క పట్టుకుని అవతల గదికి తీసుకెళ్ళాల్సి వచ్చింది.

స్టూడియోలో తెల్ల తెర ముందు, లైట్ల మధ్య పిల్లవాడు నిలబడి ఉన్నాడు. ఫోటోగ్రాఫర్ టపటపా కొన్ని తీశాడు. తల్లి గుమ్మంలోంచి చూసి ఆగిపోయింది.

"వీడు కాదండి," అంది.

"ఎవరు కాదండీ?" అన్నాడు ఫోటోగ్రాఫర్, కెమెరా దించి.

"మా పెద్దోడు కాదండి. వీడు చిన్నోడు. ఇప్పుడే వచ్చేడండి, అక్కడున్నాడు!" ఆవిడ పిల్లవాడి చెయ్యి పట్టుకుని గబగబా నా గదిలోకి లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టేసింది. అద్దంలో చూసింది. ఊపిరి వదిలింది. కుర్చీ తన వైపు తిప్పుకుంది. మళ్ళీ ముఖం మారిపోయింది. అద్దం వైపు, తన వైపు, అద్దం వైపు. ఆ కుర్చీ కిర్రుకిర్రుమంటూ తిరుగుతుంటే పిల్లవాడు దాని చేతులు పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నేను కుర్చీకి కాలు అడ్డం పెట్టి ఆపాను.

"మచ్చ తప్పు పెట్టేరండి," అంది ఆవిడ రొప్పుతూ. "ఇటు కాదండి, అటు. పాపిడి కూడా తప్పేనండి."

ఫోను తెప్పించి ఫోటో మళ్ళీ చూశాను. టీషర్టు మీద ఇంగ్లీషు అక్షరాలు తిరగబడి ఉన్నాయి. ఆ పిల్లవాడు తీసుకున్నది సెల్ఫీ. ముందు కెమెరాతో తీసుకుంటే కొన్ని ఫోన్లలో అద్దంలో చూసుకున్నట్టే వస్తుంది, కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. పెళ్ళికూతుళ్ళు సెల్ఫీ చూపించి ముక్కుపుడక ఇటు పెట్టమంటే, ముందు అద్దంలో చూసుకుని రామ్మా అని కసిరిన మనిషిని నేనే. అలాంటి నేను ఆ అక్షరాలు చూడలేదు. అందుకే బయట తప్పుగా ఉన్న ముఖం, అద్దంలో మళ్ళీ తిరగబడి, ఆ తల్లి కన్న పెద్దోడే ఎదురుగా కూర్చున్నాడా అన్నంత అచ్చంగా కనిపించింది.

సరిదిద్దడానికి ఎంతసేపు? అటు తుడిచి ఇటు ఒక చుక్క. సుడి కూడా కలిసొస్తుంది, దువ్వెనకి శ్రమ లేదు. అప్పుడు అద్దం బయట కూడా పెద్దోడే ఉంటాడు. ఊరి నడిబొడ్డున, నిలువెత్తున, రాత్రీ పగలూ ఉంటాడు. మరి నేనెప్పుడు రావాలండి అన్న గొంతు నా చెవిలో ఇంకా ఉంది.

"నేను మార్చను," అన్నాను. కోపంగానే అన్నాను. "మీకు బతికున్న పిల్లాడు ఒకడున్నాడమ్మా. వాణ్ణి ఇంటి దగ్గర వదిలేసి వచ్చేనంటున్నారు. ఇక్కడ కూర్చున్నది ఎవరనుకున్నారు?"

ఆవిడ నా కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. నేల వైపు చూస్తూ చెప్పుకొచ్చింది.

"వాడికి కట్టింది ఒకటే ఫ్లెక్సీ అండి. అశ్రునివాళి అని రాసేరు. ఊరి సెంటర్లో కట్టేరండి. ఎండకి వెలిసిపోయింది, గాలికి సగం చిరిగింది. ఓ రోజు చూత్తే లేదండి. ఎవరు తీసేరో ఏంటో అనుకున్నాను. మా ఆయనకి కూడు పట్టుకెళ్తే, చెరువు గట్టు మీద రొయ్యల మేత మూటలు తడవకుండా కప్పేరండి దాన్ని. నా కొడుకు ముఖం మీద ఇటిక పెట్టేరండి, ఎగిరిపోకుండా. నేనా ఇటిక తీసి పక్కన పెట్టి వచ్చేసేనండి. మా ఆయన చూసేడో లేదో నేనడగలేదు, ఆయన చెప్పలేదు." తల ఎత్తి నా వైపు చూసింది. "కొత్త చొక్కా ఏసుకుని, నవ్వుతా, పెద్ద ఫ్లెక్సీ మీద ఉండాలండి వాడు. అందరూ తలెత్తి చూడాలండి. ఒక్కసారి చాలండి మేడమ్‌గారు."

నా కోపమంతా ఎటు పోయిందో. కళ్ళనీళ్ళు తుడుచుకుని, నేను బ్రష్షు తీశానంటే మీరు నమ్మాలి. మార్చను అన్న నోటితోనే, సరేనమ్మా లే అన్నాను. పిల్లవాడు నా చేతిలో బ్రష్షు చూసి, నేను అడగకుండానే బుగ్గ నా వైపు తిప్పి కళ్ళు మూసుకున్నాడు. ఆ తిప్పడం చూసి చెయ్యి ముందుకి సాగలేదు, వెనక్కీ రాలేదు.

సరిగ్గా అప్పుడు ఫోటోగ్రాఫర్ లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చాడు. పాపం, అతనికి కథేమీ తెలియదు. మచ్చ తప్పు వైపు పడిందన్న గొడవ ఒక్కటే వినిపించింది. "దీనికింత రభస ఎందుకక్కగారూ? ఫోటో అటూ ఇటూ తిప్పేత్తే సరిపోద్ది," అని బల్ల మీద పెట్టి, ఇందాక తీసిన వాటిలో ఒకటి తెరిచి, మీట నొక్కాడు. బొమ్మ తిరగబడింది.

తెర మీద పెద్దోడు ఉన్నాడు. మచ్చ ఉండాల్సిన వైపే ఉంది. కొత్త చొక్కా, ఒక పక్కకి లేచిన నవ్వు. పోయినవాడు, తను ఎన్నడూ రాని ఊళ్ళో, ఎన్నడూ చూడని లైట్ల మధ్య నిలబడి మమ్మల్నందర్నీ చూస్తున్నాడు.

ఫోటోగ్రాఫర్ మెల్లగా, "నవ్వమంటే ఒక్కసారి కూడా నవ్వలేదక్కగారూ ఈ పిల్లోడు. ఇదెప్పుడు వచ్చింది?" అన్నాడు. మిగతా ఫోటోలన్నీ తిప్పి చూశాడు. అన్నిటిలో ముఖం బిగించుకునే ఉన్నాడు పిల్లవాడు. ఆ ఒక్కదానిలోనే నవ్వు.

కుర్చీ కిర్రుమంది. పిల్లవాడు దిగి, బల్ల దగ్గరికి వెళ్ళి, మళ్ళీ ఆ ఫోటో తియ్యమన్నాడు. ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. వాడికి భయం వెయ్యలేదు. చాలా రోజులుగా వెతుకుతున్న వస్తువు దొరికినట్టు వాడి భుజాలు కిందికి దిగాయి.

"అన్నయ్య," అన్నాడు. వెనక్కి తిరిగి తల్లితో, "అమ్మా, అన్నయ్య ఇందులో ఉన్నాడే. నేనిక్కడున్నాను," అన్నాడు.

ఆవిడ తెర చూసింది. పిల్లవాణ్ణి చూసింది. కుర్చీ తిప్పినట్టే చూపు తిప్పుతోంది, అటు ఇటు, అటు ఇటు. ఈసారి ఇద్దరూ ఒక్కసారే ఉన్నారు. ఒకణ్ణి చూడాలంటే ఇంకొకణ్ణి పోగొట్టుకోనక్కర్లేదు. ఎంతసేపు అలా చూసిందో నేను చెప్పలేను. వాన తగ్గి, కింద బజారులో హారన్లు వినిపించడం మొదలైంది.

నాకు వేరే ఏమీ తోచలేదు. చేతకాని మాటల కంటే చేతనైన పని మేలని, కొబ్బరినూనె సీసా, దూది తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. రంగు తియ్యడానికి మా దగ్గర అదే మందు. "మీరే తుడవండమ్మా," అన్నాను.

ఆవిడ పిల్లవాణ్ణి ఒళ్ళోకి లాక్కుని, దూది తడిపి, ముందు బుగ్గ తుడిచింది. మచ్చ నల్లగా సాగి, పలచబడి, పోయింది. నుదురు తుడిచింది. గెడ్డం ఎత్తి కింద తుడిచింది. నేను మూసేసిన గాటు బయటికి వచ్చింది. ఆవిడ వేలు దాని మీద ఆగింది.

"కత్తిపీట మీద పడ్డాడండి," అంది నాతో. "అప్పటికి నాలుగేళ్ళోడు. నేనే ఎత్తుకుని పరిగెత్తేను." తర్వాత వాడి వైపు వంగి, "చిన్నోడా, ఆకలేత్తందా?" అంది.

"ఆయ్," అన్నాడు వాడు. అని, ఒక్కసారిగా బావురుమన్నాడు. ముక్కు కారుతూ, ఎక్కిళ్ళు పెడుతూ, నూనె ముఖం తల్లి చీరకి రాసేస్తూ, నాలుగో తరగతి పిల్లాడు ఏడ్చినట్టు ఏడ్చాడు. అప్పటిదాకా ఒక్క చుక్క రాల్చని ఆవిడ కూడా ఏడ్చింది. ఫోటోగ్రాఫర్ కిందికి పోయి ఇడ్లీ పొట్లాలు తెచ్చాడు. అతనికి అంత తెలివి ఉంటుందని నేను అనుకోలేదు.

తిన్నాక ఫోటోలు తీశారు. నేను మళ్ళీ పౌడరు ముట్టుకోలేదు. జుట్టు కడిగి, సుడి ఎటు పొమ్మంటే అటు దువ్వాను. షాపువాళ్ళ చొక్కా తొడిగాం. పిల్లవాడు నవ్వాడు, రెండు పక్కలా, పన్ను ఊడిన సందు కనబడేలా. ఓనరుగారు తర్వాత ఫోను చేసి, ఆ మచ్చ ఏమైందయ్యా అని అడిగితే, అది వచ్చిపోయే మచ్చండి అని మావాడు చెప్పాడట. ఆయన నమ్మాడు. బట్టల వ్యాపారి కదా, రంగు పోవడం ఆయనకి కొత్త కాదు.

తిరగేసిన ఆ ఒక్క ఫోటోని ఫోటోగ్రాఫర్ ప్రింటు తీసి, ఫ్రేము కట్టి ఆ తల్లికి ఇచ్చాడు. ఇచ్చి వచ్చిన రోజే లాప్‌టాప్‌లోంచి చెరిపేశాడు. తల తెగిన ఫోటోలు కూడా దాచుకునే మనిషి! నేనూ పార్లరు మూసేదాకా ఆ అద్దానికి వీపు పెట్టి కూర్చోలేదు. సామాన్లు అమ్మేసినప్పుడు కుర్చీ ఒకరికి, అద్దం ఒకరికి ఇచ్చాను. రెండూ ఒకే చోటికి పోకూడదనిపించింది. మీకు నవ్వొస్తే నవ్వుకోండి.

అమ్మాయిలూ, మీకు చెప్పగలిగింది పెద్దగా లేదు. ఫోను చూపించి ఇలాగే చెయ్యమంటే ముందు చొక్కా మీద అక్షరాలు చూడండి. తర్వాత, చేసే ముఖం ఎవరిదో ఆ ముఖాన్నే అడగండి. ఆ రోజు నేను తప్పు చెయ్యకుండా, మచ్చ సరైన వైపే పెట్టి ఉంటే ఏమయ్యేదని అప్పుడప్పుడూ ఆలోచిస్తాను. తప్పు చేసినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నది నా పనిలో ఆ ఒక్కసారే.

ఫ్లెక్సీ షాపు ముందు చాలా కాలం ఉంది. బడులు తెరిచిన కొత్తలో ఒక సాయంత్రం కూరగాయలకి వెళ్ళి వస్తుంటే, దాని కింద నిలబడి కాల్చిన మొక్కజొన్న పొత్తు తింటూ కనిపించాడు. కాస్త పొడుగయ్యాడు. సుడి సుడిలాగే ఉంది. రోడ్డుకి అవతల తల్లి, ఆవిడ పక్కన పొట్టిగా, నల్లగా ఒకాయన, బండి దగ్గర అరటిపళ్ళు బేరమాడుతున్నారు. తండ్రి అయి ఉంటాడు. వాడు నన్ను చూసి నమస్కారమండి అన్నాడు.

"ఎవర్రా అది?" అన్నాను, ఫ్లెక్సీ వైపు చూపించి.

"నేనేనండి!" అన్నాడు, పొత్తు పట్టుకున్న చెయ్యి పైకెత్తి. ఆ చెప్పడంలో ఎంత దర్జా ఉందో. నాకు కడుపు నిండిపోయింది. అక్కడితో ఊరుకుని వచ్చేయాల్సింది. నోరు ఊరుకోదు కదా.

"మరి అన్నయ్యో?"

"ఇంటి దగ్గరున్నాడండి," అన్నాడు చిన్నోడు, గింజలు నములుతూ. "ఈ ఏడు ఏడో తరగతికొచ్చేడండి."